సేవింగ్స్‌కి రెండున్నర, లోన్‌కి పదకొండున్నర: మధ్యలో ఆ తొమ్మిది ఎటు పోతోంది?

మీ ప్రశ్న ఇది. ఒకే బ్యాంకు, ఒకే బ్రాంచి. సేవింగ్స్ ఖాతాలో మీవి 6 లక్షలు ఉన్నాయి, దానికి 2.5 శాతం వడ్డీ ఇస్తున్నారు. అక్కడే మీ పర్సనల్ లోన్ ఇంకా 4 లక్షలు బాకీ ఉంది, మూడేళ్ల వాయిదాలు మిగిలి ఉన్నాయి, దానికి 11.5 శాతం తీసుకుంటున్నారు. "నా డబ్బే నాకు అప్పిచ్చి తొమ్మిది శాతం తింటున్నారు, ఇది దోపిడీ కాదా?" అని అడిగారు.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో 11 ఏళ్లు లోన్ల సెక్షన్‌లోనే. ఈ ప్రశ్న కౌంటర్ దగ్గర ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అప్పట్లో వెనకాల క్యూ కనబడుతూ ఉండేది కాబట్టి "రూల్స్ అంతేనండీ" అని పంపించేసేవాణ్ణి. అలా చెప్పి ఉండకూడదని ఇప్పుడు అనిపిస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఆ తొమ్మిదిలో బ్యాంకు లాభం మీరు అనుకున్నంత లేదు. మీ చేతిలోంచి ఊరికే జారిపోతున్నది మాత్రం మీరు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది.

ముందు ఈ లెక్కని మన ఇళ్లలో మాట్లాడుకునే భాషలోకి తెచ్చుకుందాం. మనం వడ్డీని నెలకు నూటికి ఎంత అని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, రూపాయి వడ్డీ అంటే 12. ఆ లెక్కన మీ పర్సనల్ లోన్ 96 పైసల వడ్డీ. 8 శాతం హోమ్ లోన్ అయితే 67 పైసలు. క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టకుండా మినిమమ్ కట్టి వదిలేస్తే చాలా కార్డుల మీద మూడున్నర రూపాయల దాకా పడుతుంది. మరి మీ సేవింగ్స్? నూటికి 21 పైసలు కూడా నిండుగా రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో పొదుపు సంఘాల మహిళలకు పావలా వడ్డీ పథకం వచ్చినప్పుడు, ఇంత చవగ్గా అప్పు పుడుతుందా అని జనం ఆశ్చర్యపోయారు. మిగతా వడ్డీ ప్రభుత్వం భరించబట్టే అది కుదిరింది. ఇవాళ మీరు ఆ పావలా కంటే తక్కువకే ఒక బ్యాంకుకు 6 లక్షలు అప్పిచ్చారు. సేవింగ్స్‌లో డబ్బు ఉంచడమంటే బ్యాంకుకు అప్పివ్వడమే. దాన్ని మనం "దాచుకోవడం" అంటాం కాబట్టి అప్పులా కనిపించదు.

ఇప్పుడు ఆ తొమ్మిది సంగతి. మీరు పోలుస్తున్న రెండు రేట్లూ రెండు చివర్లలో ఉన్నవి. బ్యాంకుకు వచ్చే డబ్బులో అతి చవకైన వాటిలో సేవింగ్స్ ఒకటి. బ్యాంకు ఇచ్చే లోన్లలో ఖరీదైన వాటిలో పర్సనల్ లోన్ ఒకటి. బ్యాంకు డిపాజిట్లలో పెద్ద భాగం ఎఫ్‌డీలు, వాటికి ఆరు, ఆరున్నర, సీనియర్ సిటిజన్లకు ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది. అన్నీ కలిపి సగటున డిపాజిట్ల మీద 5 శాతం ఖర్చవుతోందనుకోండి. ఒక ఉదాహరణ కోసం వంద రూపాయల డిపాజిట్ తీసుకుని అది ఎక్కడెక్కడికి వెళ్తుందో చూద్దాం.

వందలో 3 రూపాయలు సీఆర్‌ఆర్ (తప్పనిసరి నగదు నిల్వ) కింద రిజర్వ్ బ్యాంకు దగ్గర పెట్టాలి. 2025 సెప్టెంబరు దాకా ఇది 4 ఉండేది, నవంబరుకల్లా విడతలవారీగా 3కి తగ్గించారు. దీని మీద బ్యాంకుకు పైసా వడ్డీ రాదు. మీకు మాత్రం ఆ మూడు రూపాయల మీద కూడా వడ్డీ ఇవ్వాల్సిందే. ఇంకో 18 రూపాయలు ఎస్‌ఎల్‌ఆర్ కింద, అంటే సులువుగా డబ్బు చేసుకోగల ఆస్తుల్లో ఉంచాలన్న నిబంధన కింద, ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో ఉంటాయి. వాటి మీద ఆరున్నర శాతం అనుకుంటే 1 రూపాయి 17 పైసలు వస్తాయి. ఇక లోన్లు ఇవ్వడానికి మిగిలింది 79 రూపాయలు.

ఖర్చుల వైపు చూడండి. డిపాజిటర్లకు 5 రూపాయలు. బ్రాంచీల అద్దెలు, జీతాలు, ఏటీఎంలు, సర్వర్లు, క్యాష్ మోసే వ్యాన్లు, ఇవన్నీ కలిపి 2 రూపాయలు. డిపాజిట్ ఇన్సూరెన్స్ ప్రీమియం నూటికి 12 పైసలు అనుకోండి. దాన్ని మీ దగ్గర వసూలు చేయకూడదు, బ్యాంకే భరించాలి. మొండి బాకీలకు అర్ధ రూపాయి. మొత్తం 7 రూపాయల 62 పైసలు. బాండ్ల మీద వచ్చిన 1.17 తీసేస్తే 6.45. ఇది ఆ 79 రూపాయల లోన్ల మీద నుంచే రావాలి. అంటే లోన్ల మీద సగటున 8.2 శాతం దగ్గర వస్తే గానీ బ్యాంకు లాభమూ నష్టమూ లేకుండా నిలబడదు. లాకర్ అద్దెలు, కమీషన్ల లాంటి ఆదాయాన్ని నేను ఇందులో కలపలేదు, అది కలిపితే ఈ అంకె కొంచెం దిగుతుంది. అయినా అసలు రూపం ఇదే. అన్ని లోన్లూ అన్ని డిపాజిట్లూ కలిపి చూస్తే, ఖర్చులు తీయకముందు పెద్ద బ్యాంకులకు మిగిలేది సుమారు 3 శాతం. దాన్నే వాళ్లు నెట్ ఇంట్రెస్ట్ మార్జిన్ అంటారు. తొమ్మిది కాదు.

సగటు ఎనిమిది చిల్లర అయితే మీ దగ్గర పదకొండున్నర ఎందుకు? దీనికి జవాబు మీ బ్రాంచిలోనే ఇంకో కౌంటర్ దగ్గర దొరుకుతుంది. మీ ఎఫ్‌డీ మీద మీరే లోన్ అడగండి. ఆరున్నర శాతం ఎఫ్‌డీ అయితే సాధారణంగా ఏడున్నరకు ఇస్తారు. తేడా ఒక్క శాతం! అదే బ్యాంకు, అదే సిబ్బంది, అదే కరెంటు బిల్లు. మారింది ఒక్కటే: అక్కడ డబ్బు తిరిగి రాదేమో అన్న భయం లేదు. మీరు కట్టకపోతే ఎఫ్‌డీలోంచి తీసుకుంటారు. హోమ్ లోన్‌కి ఇల్లు తాకట్టు ఉంటుంది కాబట్టి ఇంకొంచెం పైన. పర్సనల్ లోన్‌కి ఉన్నది మీ సంతకం, మీ జీతం స్లిప్పు మాత్రమే.

లోన్ల సెక్షన్‌లో మేము దీన్ని ఇలా చూసేవాళ్లం. తలా లక్ష చొప్పున వంద మందికి పర్సనల్ లోన్ ఇచ్చాం. ఆ ఏడాదిలో ముగ్గురు చేతులెత్తేశారు, ఒక్కొక్కరి దగ్గర 20 వేలే వసూలైంది. పోయింది 2 లక్షల 40 వేలు. ఆ బరువు మిగతా 97 మంది మీద పడుతుంది, మనిషికి దాదాపు 2,500. మీరు ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టి ఉండొచ్చు. అయినా ఆ ముగ్గురి వాటా మీ ఈఎంఐలో ఉంటుంది. మీరెవరో, మీ కట్టుబాటు ఏమిటో లోన్ ఇచ్చే రోజున బ్యాంకుకు పూర్తిగా తెలియదు. సిబిల్ స్కోరు, అంటే మీరు ఇంతవరకు అప్పులు కట్టిన తీరుకు పడే మార్కులు, ఆ చీకట్లో కాస్త వెలుతురు ఇస్తుంది. అందుకే స్కోరు బాగున్నవాళ్లకు ఒకటి రెండు శాతం తగ్గించి ఇస్తారు. మీ స్కోరు బాగుంటే ఆ తగ్గింపు అడగాల్సిందే. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. నిజాయితీగా కట్టేవాళ్లు ఎగ్గొట్టేవాళ్ల బరువు మోయడం చిన్న లోన్లలో కొంతవరకు తప్పదు. కానీ 2018 మార్చి నాటికి దేశంలో బ్యాంకుల మొండి బాకీలు మొత్తం లోన్లలో 11 శాతం దాటాయి. అందులో సింహభాగం పెద్ద కంపెనీలకు ఇచ్చినవి. అవి 2025 మార్చికి 2.3 శాతానికి దిగి వచ్చాయి. మధ్యలో ఎన్నో లక్షల కోట్లు రైటాఫ్ అయ్యాయి, అంటే రానిబాకీలుగా పద్దుల్లోంచి తీసేశారు. ఆ ఏళ్లలో హోమ్ లోన్ కడుతున్న గుమాస్తా, ఎఫ్‌డీ వేసుకున్న పెన్షనరు తమకు సంబంధం లేని ఆ నష్టంలో తలా కొంచెం మోశారు. మీరు దోపిడీ అన్న మాట ఎక్కడైనా అతుకుతుందంటే అక్కడ అతుకుతుంది.

మీ ప్రశ్నలో రెండో సగం, సేవింగ్స్‌కి ఇంత తక్కువ ఇస్తున్నారన్నది. ఇందులో మీ కోపం న్యాయమైనదే. 2011 దాకా ఈ రేటు రిజర్వ్ బ్యాంకే నిర్ణయించేది. 2003 నుంచి మూడున్నర ఉండేది, 2011 మేలో 4 చేశారు, అదే ఏడాది అక్టోబరు 25న బ్యాంకులకే వదిలేశారు. పోటీ వస్తుంది, రేట్లు పెరుగుతాయి అనుకున్నాం. ఒకటి రెండు కొత్త ప్రైవేటు బ్యాంకులు ఆరు దాకా ఇచ్చాయి కూడా. పెద్ద బ్యాంకులు మాత్రం నాలుగు దగ్గరే ఆగి, 2017 నుంచి దిగడం మొదలుపెట్టాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు) 4 నుంచి 6.5కి పెరిగింది. హోమ్ లోన్ల రేట్లు మూడు నెలలు తిరక్కుండానే పెరిగాయి. ఎఫ్‌డీలు కొంత ఆలస్యంగానైనా పెరిగాయి. స్టేట్ బ్యాంకు సేవింగ్స్ రేటు మాత్రం 2.7 దగ్గర అలాగే ఉండిపోయింది. 2025 జూన్‌లో రెపో 5.5కి దిగేసరికి అది 2.5 అయింది. పెరిగేటప్పుడు పెరగనిది, తగ్గేటప్పుడు తగ్గింది.

ఎందుకంటే, మనం డబ్బు కదపం. జీతం ఆ ఖాతాలోనే పడుతుంది, గ్యాస్ సబ్సిడీ ఆ ఖాతాకే, యూపీఐ ఆ ఖాతాకే. రేటు అర శాతం తగ్గినా ఎవరూ ఖాతా మూసేసి వెళ్లరని బ్యాంకులకు బాగా తెలుసు. మా రీజనల్ మీటింగుల్లో అన్నిటికంటే ముందు అడిగే అంకె 'కాసా', అంటే కరెంట్, సేవింగ్స్ ఖాతాల్లో ఎంత ఉందీ అని. ఆ అంకె పెరిగితే మేనేజర్‌కి మెప్పు. ఖాతాదారుణ్ణి పిలిచి "మీ డబ్బు ఊరికే పడుంది, ఎఫ్‌డీ వేసుకోండి" అని చెబితే ఆ అంకె తగ్గుతుంది.

నేనూ ఎంతోమందికి చెప్పలేదు. కొంతమందికి చెప్పాను. 2014లో అనుకుంటా, ఒక రిటైర్డ్ మాస్టారు పాస్‌బుక్ ప్రింట్ కోసం వచ్చారు. ప్రింటర్‌లోంచి బుక్కు బయటకు రాగానే అక్కడే నిలబడి, వడ్డీ అని పడ్డ లైను మీద వేలు పెట్టి రెండుసార్లు చదివారు. ఖాతాలో 9 లక్షలు, రిటైర్మెంట్ డబ్బు. అదే సిస్టంలో ఆయన పేరు మీద 2 లక్షల గోల్డ్ లోన్ కూడా కనిపించింది. "మాస్టారూ, డబ్బు ఉండి కూడా అప్పెందుకు?" అంటే, "గాజులు మీ లాకర్లో ఉంటే భద్రం, డబ్బు ఖాతాలో ఉంటే ధైర్యం" అన్నారు. విత్‌డ్రాయల్ స్లిప్పు వెనక లెక్క వేసి చూపించాను. సేవింగ్స్‌కి అప్పుడు 4 ఇచ్చేవాళ్లం, గోల్డ్ లోన్‌కి 11. 2 లక్షల మీద ఏడు శాతం తేడా, ఏడాదికి 14 వేలు. ఆయన స్లిప్పు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. మర్నాడు పదింటికల్లా భార్యను తీసుకుని వచ్చారు. సీలు వేసిన కవరు చించి గాజులు బయటికి తీస్తే ఆవిడ అక్కడే నాలుగూ చేతికి వేసుకుని చూసుకున్నారు. మిగతా డబ్బులో 5 లక్షలు ఎఫ్‌డీ వేయించాను. అప్పట్లో ఎనిమిదిన్నర పైనే ఇచ్చేవాళ్లం.

ఇప్పుడు మీ లెక్క. 4 లక్షల బాకీ, 11.5 శాతం, 36 నెలలు మిగిలితే ఈఎంఐ సుమారు 13,190. మూడేళ్లలో మీరు కట్టబోయే వడ్డీ దాదాపు 75 వేలు. మొదటి నెలలో ఆ 4 లక్షల మీద మీరు కట్టే వడ్డీ 3,833, అదే 4 లక్షలు సేవింగ్స్‌లో ఉన్నందుకు మీకు వచ్చేది 833. సరిగ్గా 3 వేలు ఒక్క నెలలో పోయింది.

6 లక్షల్లోంచి 4 తీసి లోన్ క్లోజ్ చేయండి. రెండు పక్కన ఉంచుకోండి, చేతిలో ఏమీ లేకుండా చేసుకోవద్దు. క్లోజ్ చేసేముందు శాంక్షన్ లెటర్ తీసి ఫోర్‌క్లోజర్ చార్జీ (గడువుకు ముందే లోన్ తీర్చేసినందుకు తీసుకునేది) ఎంతో చూడండి. ఫ్లోటింగ్ రేటు, అంటే మధ్యలో మారే వడ్డీ మీద వ్యక్తులకు ఇచ్చిన సొంత అవసరాల లోన్లకు ఈ చార్జీ తీసుకోకూడదు. పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువి కాబట్టి వాటికి ఉండొచ్చు. మీ దాంట్లో 3 శాతం ఉందనుకుంటే జీఎస్టీతో కలిపి 14,160 అవుతుంది. ఆ మొత్తం పోయినా మీకే లాభం. ఎలాగంటే, లోన్ క్లోజ్ చేశాక అదే 13,190ని నెలనెలా పక్కన వేస్తూ పోతే మూడేళ్లకు 4 లక్షల 75 వేలు అవుతుంది. లోన్ అలాగే ఉంచి 4 లక్షలు సేవింగ్స్‌లో వదిలేస్తే మూడేళ్లకు అయ్యేది 4 లక్షల 31 వేలు. చార్జీ తీసేసినా దాదాపు 30 వేలు మీకు మిగులు. ఆర్డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) వేస్తే వచ్చే వడ్డీ దీనికి అదనం. ఒక్క షరతు: ఈఎంఐ ఆగిన నెల నుంచే ఆర్డీ మొదలవ్వాలి. ఒక నెల ఆగి చూద్దాం అనుకుంటే ఆ డబ్బు ఖర్చుల్లో కలిసిపోతుంది, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

మిగిలిన 2 లక్షలకు ఆటో స్వీప్ పెట్టించండి. ఒక పరిమితి దాటిన డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారుతుంది, మీరు ఏటీఎంలో తీసినప్పుడు కావలసినంత మాత్రమే వెనక్కి వస్తుంది. మధ్యలో విరిచిన ముక్కకు వడ్డీ కొంచెం తగ్గిస్తారు, అయినా సేవింగ్స్ కంటే నయం. ఎక్కువ సేవింగ్స్ వడ్డీ ఇచ్చే చిన్న బ్యాంకులూ ఉన్నాయి. వెళ్లడం తప్పు కాదు, కానీ ఒక బ్యాంకులో మీ అన్ని ఖాతాలూ, వాటి వడ్డీ కలిపి 5 లక్షలు దాటకుండా చూసుకోండి. డిపాజిట్ ఇన్సూరెన్స్ అంతవరకే వస్తుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. 2001లో హైదరాబాద్‌లో కృషి కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలినప్పుడు లక్షకు పైన దాచుకున్నవాళ్లు పడ్డ బాధ మా తరం వాళ్లకు ఇంకా గుర్తుంది. ఎక్కువ వడ్డీ ఇస్తామన్న చోట ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇది చదివేవాళ్లలో హోమ్ లోన్ ఉన్నవాళ్లకు ఒక మాట. మీ లోన్ 2019 అక్టోబరుకు ముందుదైతే అది ఇంకా ఎంసీఎల్‌ఆర్ మీదో, అంతకు ముందటి బేస్ రేటు మీదో ఉండొచ్చు, రెండూ బ్యాంకు తన ఖర్చుల లెక్కన తానే వేసుకునే పాత రేట్లు. అలాంటివాటికి రెపో తగ్గిన ఫలితం నిదానంగా, అరకొరగా అందుతుంది. రెపో లింకు రేటుకు మార్చమని దరఖాస్తు ఇవ్వండి, చిన్న ఫీజు తీసుకుని మారుస్తారు. కొత్తగా వచ్చేవాళ్లకు మీకంటే తక్కువ రేటు ఇస్తున్నారేమో కూడా అడగండి. చాలాసార్లు ఇస్తుంటారు.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, క్లోజ్ చేసిన రోజే బాకీ లేదని చెప్పే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటో డెబిట్ ఆపించండి. నెల తర్వాత సిబిల్ రిపోర్ట్ తీసి ఆ లోన్ 'క్లోజ్డ్' అని పడిందో లేదో చూడండి. పడకపోతే ఫోన్లో చెప్పి వదిలేయకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది.